కారు వదిలిన బ్యాటరీకి పాలకేంద్రంలో పని

తిరుపతిలో ఎలక్ట్రిక్ కారు కొందామని ఇంట్లో మాట వచ్చిందంటే, చివరికి అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. ఎనిమిదేళ్ల తర్వాత బ్యాటరీ పోతే ఏం చేయాలి? ఈ టెన్షన్‌కు కారణం ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ నాలుగైదేళ్లకే మూలన పడటం, పాతది షాపులో ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం మనకు అలవాటు. పక్కనే కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది కదా, లెడ్ యాసిడ్ బ్యాటరీ గుణం ఇక్కడివాళ్లకు బాగా తెలుసు. ఆ లెక్క మాత్రం కారులోని లిథియం బ్యాటరీకి పనికిరాదు.

చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. ఆ లోపు సామర్థ్యం సుమారు 70 శాతం కంటే దిగజారితే బాధ్యత మాది అని దాని అర్థం. తొమ్మిదో ఏట బండి ఆగిపోతుందని ఎవరూ చెప్పలేదు. వేలాది వాహనాల వివరాలు పరిశీలించిన జియోటాబ్ సంస్థ, సామర్థ్యం ఏడాదికి సగటున 1.8 శాతం తగ్గుతోందని 2024లో తేల్చింది. ఆ లెక్కన పదేళ్లకు కూడా 80 శాతం పైనే మిగులుతుంది.

అది సగటు. మన ఎండ సంగతి వేరుగా చూడాలి. బ్యాటరీలో, ఛార్జ్ చేసినప్పుడు లిథియం వచ్చి చేరే గ్రాఫైట్ మీద మొదటి ఛార్జింగ్‌లోనే ఒక సన్నని పొర ఏర్పడుతుంది. అది రక్షణకే. అయితే ఏళ్ల తరబడి మెల్లగా మందమవుతూ ఉంటుంది, అందులో చిక్కుకున్న లిథియం మళ్లీ పనికి రాదు. వేడి పెరిగితే ఈ రసాయన చర్య వేగం పెరుగుతుంది, బండి కదలకుండా ఉన్నా సాగుతూనే ఉంటుంది. అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో 2012లోనే నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు ఊహించినదానికంటే త్వరగా తగ్గిపోయాయని యజమానులు గగ్గోలు పెట్టారు. ఆ బ్యాటరీని చల్లబరచడానికి లిక్విడ్ కూలింగ్ లేదు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఉంది. అయినా నిండా ఛార్జ్ చేసిన బండిని మే నెల ఎండలో రేణిగుంట దగ్గర ఆరుబయట రోజుల తరబడి వదిలేయడం మంచిది కాదు.

ఘాట్ రోడ్డు గురించి కూడా చాలామంది భయపడతారు. లెక్క వేసి చూద్దాం. కింది నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,800 కిలోల కారును అంత పైకి లేపడానికి సుమారు మూడున్నర యూనిట్లు చాలు, టైర్ల రాపిడి, గాలి ఖర్చు అదనం. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి అందులో కొంత వెనక్కి ఇస్తుంది. కొండ మీద నూరు శాతం ఛార్జ్ చేసుకుని దిగితే ఆ కరెంటు నింపుకోవడానికి చోటుండదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే ఘాట్ వల్ల పెద్ద బెంగ లేదు. ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి ఆ దారిలో తిరుగుతూనే ఉన్నాయి.

సరే, ఏదో ఒకరోజు సామర్థ్యం 70 శాతానికి పడిపోయిందనుకుందాం. ఓవర్‌టేక్ చేసే క్షణంలో కారు మోటారు 90, 100 కిలోవాట్లు లాగగలదు. ముసలి బ్యాటరీకి ఇబ్బంది అక్కడ. నిదానంగా కరెంటు ఇవ్వమంటే ఇంకా చాలా ఏళ్లు ఇస్తుంది.

చిత్తూరు పల్లెల్లోని పాలకేంద్రాలకు కావాల్సింది సరిగ్గా అదే. సాయంత్రం పిండిన పాలు 35 డిగ్రీల వెచ్చదనంతో వస్తాయి, కొద్ది గంటల్లో 4 డిగ్రీలకు దించకపోతే విరిగిపోతాయి. కరెంటు పోతే డీజిల్ జనరేటరే దిక్కు. వెయ్యి లీటర్ల పాల నుంచి లాగాల్సిన వేడి దాదాపు 35 యూనిట్లు. కూలర్ కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుతో రెండున్నర, మూడు యూనిట్ల వేడిని బయటికి తోడుతుంది కాబట్టి ఖర్చయ్యేది 12 నుంచి 14 యూనిట్లు. కొత్తలో 30 యూనిట్లు పట్టిన కారు బ్యాటరీలో 70 శాతం అంటే 21. ఒక పూట పాలు చల్లబడి ఇంకా మిగులుతుంది! మూడు గంటల్లో ఆ పని చేయడానికి నాలుగైదు కిలోవాట్లు చాలు. పగలు సోలార్ ప్యానెళ్లతో నింపుకుంటే డీజిల్ ఊసే ఉండదు. కార్ల బ్యాటరీలకు ఇలా రెండో పని అప్పగించడం కొత్తేమీ కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ స్టేడియంలో 2018లోనే కొత్త, పాత లీఫ్ బ్యాటరీలను కలిపి పనిలో పెట్టారు. బెంగళూరు సంస్థ నునామ్ ఆడి కార్ల బ్యాటరీలను ఈ-రిక్షాల్లో పెట్టి చూపించింది.

అడ్డంకులు చిన్నవేం కావు. ఒకే బ్యాటరీలోని సెల్స్ అన్నీ సమానంగా ముసలివి కావు, బలహీనమైన సెల్ మిగతావాటిని కూడా కట్టిపడేస్తుంది. ఒక దశ దాటాక సామర్థ్యం ఒక్కసారిగా కుంగిపోయే ప్రమాదం ఉంది. ఒక్కో సెల్‌ను పరీక్షించకుండా పాత బ్యాటరీని పాలకేంద్రంలో పెట్టమని నేను ఎవరికీ చెప్పను, మంటల ముప్పు నిజమైనది. బ్యాటరీ ఎన్నిసార్లు వేడెక్కింది, ఎంత ఛార్జ్ అయింది అనే చరిత్ర కారు కంప్యూటర్‌లోనే ఉంటుంది. అది యజమానికి అందేలా నిబంధన ఉండి తీరాలి. పరీక్ష ఖర్చు సగానికి సగం తగ్గేది అక్కడేనని నా నమ్మకం. కొత్త బ్యాటరీల ధర కూడా ఏటా దిగుతోంది కాబట్టి పాతది చాలా చవగ్గా దొరికితేనే ఎవరైనా కొంటారు.

2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాతవాటిని సేకరించి, బాగుచేయించే లేదా రీసైకిల్ చేయించే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే చాలా కార్లలో ఉండేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. అందులో ఖరీదైన కోబాల్ట్, నికెల్ ఉండవు, అందువల్ల రీసైక్లింగ్‌లో చేతికొచ్చే విలువ తక్కువ. అదే రకం ఎక్కువసార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంటుంది, వేడికి అంత తేలిగ్గా అంటుకోదు. పాలకేంద్రానికి ముందుగా పరీక్షించి చూడాల్సింది ఆ బ్యాటరీలనే.