తెల్లకణాలు తీసిన రక్తం కిడ్నీ రోగిని ఎంతవరకు కాపాడుతుంది?

డయాలసిస్ మీద ఉంటూ కిడ్నీ కోసం ఎదురుచూసే మనిషికి హిమోగ్లోబిన్ బాగా పడిపోయినప్పుడు రక్తం ఎక్కించాలా, వద్దా? దీనిమీద వైద్యుల మాట ఒకటికి రెండుసార్లు మారింది.

ఒక బ్యాగు రక్తంలో దాదాపు 100 కోట్ల తెల్లకణాలుంటాయి. వాటి పైపొర నిండా దాత హెచ్‌ఎల్‌ఏ గుర్తులే (కణం తనదా, పరాయిదా అని ఒళ్లు గుర్తుపట్టేది వీటితోనే). రోగి ఒంట్లో వాటికి యాంటీబాడీలు పుట్టాయంటే, రేపు అవే గుర్తులున్న కిడ్నీ దొరికినా క్రాస్‌మ్యాచ్ (రోగి యాంటీబాడీలు దాత కణాల మీద దాడి చేస్తాయా అని చూసే పరీక్ష) పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ అయినా కిడ్నీ పెడితే ఏమవుతుందో 1969లో పరిశోధకులు పటేల్, తెరసాకి లెక్కతో చూపించారు: 30 మందిలో 24 మందికి అది వెంటనే పాడైపోయింది.

దాంతో రక్తమంటేనే జంకారు. కానీ 1973లో ఓపెల్జ్, తెరసాకి బృందం చెప్పింది అందుకు పూర్తిగా ఎదురు: అసలు రక్తం ఎక్కించుకోనివారికంటే ఎక్కించుకున్నవారిలోనే కిడ్నీ ఎక్కువకాలం నిలిచింది. ఆపైన చాలాచోట్ల పనిగట్టుకుని రక్తం ఎక్కించారు. బతికున్న దాత అయితే అతని రక్తాన్నే ముందుగా ఇచ్చి చూశారు. ఆ మేలు తెల్లకణాల వల్లేనని అప్పట్లో ఎక్కువమంది నమ్మకం.

1983లో అమెరికాలో సైక్లోస్పోరిన్‌కు (కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఆపే మందు) అనుమతి వచ్చాక ఆ మేలు లెక్కకు రానంతగా తగ్గింది. 1989లో ఎర్రకణాలు పెంచే ఎరిత్రోపోయెటిన్ మందు రావడంతో రక్తం అవసరమే చాలావరకు తప్పింది. మిగిలింది యాంటీబాడీల బెడద.

దానికి విరుగుడుగా రక్తంలోని తెల్లకణాల్ని వడకట్టే ఫిల్టర్లు వచ్చాయి. వాటి సత్తా తేలింది ల్యుకేమియా, ఎముక మజ్జ మార్పిడి రోగుల్లో. 1997 నాటి ట్రాప్ అనే పరిశీలనలో మామూలు ప్లేట్‌లెట్లు పొందినవారిలో 45 శాతం మందికి యాంటీబాడీలు వస్తే, తెల్లకణాలు వడకట్టినవి పొందినవారిలో అది 20 శాతం లోపే. తెల్లకణాల్లో దాక్కునే సీఎంవీ వైరస్ ముప్పు కూడా తగ్గింది.

కిడ్నీ రోగుల్లో ఫలితం ఇంత స్పష్టంగా లేదు. కెనడాలో రక్తమంతా వడకట్టడం మొదలయ్యాక కూడా కిడ్నీకి ఎదురుచూసేవారిలో యాంటీబాడీలు తగ్గలేదని 2004లో తేలింది. ఎర్రకణం మీద హెచ్‌ఎల్‌ఏ అతి స్వల్పమే. కానీ బ్యాగులో ఎర్రకణాలు సుమారు 2 లక్షల కోట్లు! వడకట్టిన బ్యాగులో కూడా 50 లక్షల దాకా తెల్లకణాలు ఉండొచ్చు (అమెరికా పరిమితి ఇదే; యూరప్‌లో 10 లక్షలు). గతంలో గర్భం దాల్చిన స్త్రీలకు ఆ కొద్దిపాటి తాకిడి చాలు, కడుపులోని బిడ్డ గుర్తులకు అప్పట్లో పుట్టిన యాంటీబాడీలు మళ్లీ లేస్తాయి.

ఫిల్టర్ ఎక్కడ, ఎప్పుడు వాడారన్నదీ ముఖ్యమే. రక్తం ఎక్కించే మామూలు సెట్‌లోని 170–200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జాలి గడ్డల్ని ఆపుతుంది, అంతే. 10–15 మైక్రాన్ల తెల్లకణం అందులోంచి హాయిగా జారిపోతుంది. మంచం పక్కన ఫిల్టర్ పెట్టి వడకట్టేసరికి నిల్వలో చితికిన కణాల ముక్కలు, సైటోకైన్లు (తెల్లకణాలు వదిలే, జ్వరం తెప్పించగల రసాయనాలు) అప్పటికే రక్తంలో కలిసిపోయి ఉంటాయి. అందుకే సేకరించిన వెంటనే బ్లడ్ బ్యాంకులోనే వడకట్టడం మేలు. దాతకు సికిల్ సెల్ లక్షణం (కొడవలి కణాల జబ్బు జన్యువు ఒక్కటే ఉండటం) ఉంటే ఫిల్టర్ మూసుకుపోవచ్చు, లేదా కణాలు సరిగా తగ్గకపోవచ్చు. ఈ లక్షణం ఎక్కువగా కనిపించే ఆదిలాబాద్, పాడేరు వైపు రక్తం సేకరించేవారికి ఇది పనికొచ్చే సంగతి. ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది: వడకట్టాం కదా అని, అవసరమైన రోగులకు కూడా రక్తం బ్యాగుకు రేడియేషన్ ఇవ్వడం మానేయడం. దాత కణాలే రోగి మీద తిరగబడే జబ్బును ఫిల్టర్ ఆపలేదు, దానికి బ్యాగుకు 25 గ్రేల రేడియేషన్ ఇవ్వాల్సిందే.

తప్పనిసరై రక్తం ఎక్కిస్తే, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత కొత్త శాంపిల్‌తో హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయించాలి. రక్తం ఎక్కించకముందు తీసిన పాత శాంపిల్‌తో చేసిన క్రాస్‌మ్యాచ్‌కు ఆ బ్యాగు సంగతే తెలియదు.