మౌంట్ లారెల్ వివాదం: తీర్పు వచ్చాక ఆ ఎనిమిదేళ్లూ ఏం జరిగింది?

అల్పాదాయ కుటుంబాలకు అందుబాటు ధరలో ఇళ్లు ఏ ఊరు ఎన్ని కట్టనివ్వాలన్న తగవు అమెరికాలోని న్యూజెర్సీలో మళ్లీ రాజుకుంది. 2024 మార్చిలో వచ్చిన చట్టాన్ని అనుసరించి, 2025 నుంచి 2035 వరకు రాష్ట్రమంతటా 84,698 కొత్త ఇళ్లు అవసరమని అధికారులు లెక్కగట్టి, ఏ పట్టణం వాటా ఎంతో ప్రకటించారు. మాంట్‌వేల్ ముందుండగా పలు పట్టణాలు ఈ చట్టంపై కోర్టుకెక్కాయి. ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్ వంటి చోట్ల ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది తమ పిల్లల బడికీ, తాము కట్టే ఆస్తి పన్నుకూ సంబంధించిన విషయం.

రోడ్లు, బడుల భారం తమపై పడుతుంటే సంఖ్యలు మాత్రం పైనుంచి వస్తున్నాయనీ, కోర్టులు, బిల్డర్లు కలిసి స్థానిక నిర్ణయాధికారాన్ని లాగేసుకున్నారనీ పట్టణాలు అంటున్నాయి. అయితే ఇందులోకి బిల్డర్ ఎలా వచ్చాడో తెలియాలంటే 1975 నుంచి 1983 వరకు ఏం జరిగిందో చూడాలి.

1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన, న్యూజెర్సీలోని మౌంట్ లారెల్ ఊరి జోనింగ్ నిబంధనలు (ఏ భూమిలో ఏం కట్టవచ్చో చెప్పేవి) చదివితే, గోడ కట్టకుండానే ఊరి చుట్టూ గోడ ఎలా లేస్తుందో అర్థమవుతుంది. దాదాపు 14 వేల ఎకరాల ఆ టౌన్‌షిప్‌లో 4,121 ఎకరాలను పరిశ్రమలకు కేటాయించారు. అందులో వాడకంలోకి వచ్చింది 100 ఎకరాల లోపే. అపార్ట్‌మెంట్లకు సాధారణ అనుమతి లేదు. ప్రత్యేక ఒప్పందాలపై అనుమతించిన చోట కూడా పడకగదుల సంఖ్యకు పరిమితి పెట్టారు. బడికి వెళ్లే పిల్లలు నిర్ణీత సంఖ్య దాటితే వారి చదువు ఖర్చు బిల్డరే భరించాలన్నారు. పిల్లలున్న పేద కుటుంబం ఆ ఊళ్లో అడుగుపెట్టే దారే లేకుండా పోయింది. కొందరు నల్లజాతి కుటుంబాలవారు కోళ్ల షెడ్లను ఇళ్లుగా మార్చుకుని బతుకుతున్న ఊరది. తమ వాళ్ల కోసం 36 ఇళ్లు కట్టుకోనివ్వాలని అడిగి కాదనిపించుకున్న ఆ ఊరి నల్లజాతి మహిళ ఎథెల్ లారెన్స్, మరికొందరితో కలిసి 1971లో దావా వేశారు.

ఎదుగుతున్న ప్రతి పట్టణమూ ఆ ప్రాంతపు ఇళ్ల అవసరంలో న్యాయమైన వాటా మోయాలని న్యాయమూర్తి ఫ్రెడరిక్ హాల్ తీర్పు రాశారు. కానీ ఆ వాటా ఎంతో, మోయకపోతే ఏమవుతుందో అందులో లేదు. మౌంట్ లారెల్ మూడు చోట్ల కలిపి 20 ఎకరాలకు, అంటే మొత్తం భూమిలో పావు శాతానికి కూడా చాలని నేలకు జోనింగ్ మార్చి, తీర్పు అమలు చేశామంది.

నా దృష్టిలో నేటి తగవుకు మూలం ఇక్కడే ఉంది. 1983లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ విలెంజ్, తీర్పు వల్ల ఇళ్లు కాక కాగితాలూ విచారణలూ అప్పీళ్లే వచ్చాయని తేల్చి, వాటా మోయని పట్టణంపై బిల్డర్ దావా వేసి గెలిస్తే, చెప్పుకోదగ్గ సంఖ్యలో అందుబాటు ఇళ్లు చేర్చే షరతుపై, పట్టణం కాదన్న చోట కూడా ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చన్నారు. తమంతట తాము చేయడానికి ఎనిమిదేళ్ల గడువు పట్టణాలకు దొరికింది. అది వృథా అయ్యాకే బిల్డర్ చేతికి ఆ హక్కు వచ్చింది.

1985లో శాసనసభ ఈ వాటాలు తేల్చేందుకు ఒక మండలిని ఏర్పాటు చేసి, పట్టణాలు తమ వాటాలో సగం వరకు డబ్బిచ్చి వేరే పట్టణానికి బదలాయించే వెసులుబాటు ఇచ్చింది. 2008లో ఆ వెసులుబాటు రద్దయింది. మండలి నియమాలు తేల్చలేకపోవడంతో 2015లో వ్యవహారం మళ్లీ కోర్టులకు వెళ్లింది. 2024 చట్టం మండలినే ఎత్తివేసి, 2025 జూన్ 30లోగా సక్రమమైన ప్రణాళిక ఇచ్చిన పట్టణాలకు బిల్డర్ల దావాల నుంచి రక్షణ కల్పించింది. నేటి పోరులో అసలు విలువైనది ఈ రక్షణే.

ఇక అందుబాటు ఇళ్లు వస్తే చుట్టుపక్కల ఇళ్ల ధరలు పడిపోతాయన్న భయం సంగతి. మౌంట్ లారెల్‌లోనే ఎథెల్ లారెన్స్ పేరిట 140 ఇళ్లు వెలిశాయి. ప్రిన్స్‌టన్ సామాజికవేత్త డగ్లస్ మాసీ బృందం వాటి పరిసరాలను అలాంటి ఇతర ప్రాంతాలతో పోల్చి చూసి, వాటివల్ల నేరాలు గానీ పన్నులు గానీ పెరగలేదనీ, ఇళ్ల విలువ తగ్గలేదనీ తేల్చింది. మొదటి కుటుంబాలు అక్కడికి చేరింది 2000 ప్రాంతంలో. ఎథెల్ లారెన్స్ 1994లోనే కన్నుమూశారు.