ఎండిన మడి, పూడని బావి

"నాలుగేళ్లు చెమటోడ్చి పెంచిన కండ సార్, నలభై రోజుల్లో కరిగిపోయింది. మళ్లీ నాలుగేళ్లు పడుతుందా?"

అడిగినవాడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కబడ్డీ ఆటగాడు, మా వీధి కుర్రాడే. కూతకెళ్లి పట్టు విడిపించుకునే పెనుగులాటలో మోకాలి కింద ఎముక విరిగింది. ఆరు వారాల తర్వాత కట్టు విప్పగానే వాడు దర్జీ దగ్గరి నుంచి టేపు తెచ్చి రెండు తొడలూ కొలుచుకున్నాడు. మూడు సెంటీమీటర్ల తేడా వచ్చింది. ఎముక చక్కగా అతుక్కుందని డాక్టరు చెప్పిన మాట ఆ టేపు ముందు వాడి చెవికెక్కలేదు.

అంతకాలం పట్టదని చెప్పాను. ధైర్యం కోసం చెప్పిన మాట అనుకున్నాడు. అందుకే ఎందుకు పట్టదో కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే నాకే ఉత్సాహం పెరిగింది. జీవశాస్త్రంలో నేను చదివిన అందమైన విషయాల్లో ఇదొకటి.

కండరం ఎలా ముడుచుకుంటుందో, ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని మీద ఒకటి ఎలా జారతాయో ఇంటర్ జువాలజీలో ఉంది. ఆ పాఠం ఇక్కడ వదిలేస్తున్నాను. ముందు పోయిందెంతో చూద్దాం. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ శాస్త్రవేత్తలు ఏ దెబ్బా తగలని ఆరోగ్యవంతులైన యువకులకు ఒక కాలికి మాత్రం కట్టు వేసి, ఆ ఫలితాలను 2014లో ప్రచురించారు. 5 రోజులకే తొడ ముందు కండరం అడ్డుకోత వైశాల్యం 3.5 శాతం తగ్గింది, 14 రోజులకు 8.4 శాతం. బలం మాత్రం 5 రోజులకు 9 శాతం, 14 రోజులకు సుమారు 23 శాతం పడిపోయింది.

ఈ రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కండ తగ్గినదానికి రెండున్నర రెట్లకు పైగా బలం తగ్గింది. ఆ మిగతా బలం ఎటు పోయింది? అది నరాల లెక్క. వాడని కండరానికి మెదడు, వెన్నుపాము పూర్తి ఆజ్ఞ పంపడం మానేస్తాయి. మోకాలికి దెబ్బ తగిలితే ఇది మరీ ఎక్కువ. ఆరోగ్యమైన మోకాలి కీలులోకి ఉప్పునీరు ఎక్కించి చూసిన ప్రయోగాల్లో 20, 30 మిల్లీలీటర్లు చేరగానే తొడ లోపలివైపు కండరం మందగించింది. అంటే నాలుగైదు టీ స్పూన్ల నీరు! మోకాలు వాచి ఉన్నప్పుడు "తొడ బిగించు బాబూ" అని ఫిజియోథెరపిస్టు ఎంత చెప్పినా కండ బిగుసుకోదు. అది రోగి బద్ధకం కాదు. వెన్నుపాము స్థాయిలోనే స్విచ్ కట్టేసి ఉంది. వాపు తగ్గి ఆ స్విచ్ తెరుచుకుంటే మొదటి రెండు మూడు వారాల్లో బలం గబగబా తిరిగొస్తుంది, తొడ చుట్టుకొలత ఇంకా పెరగకముందే.

నరాల గురించి ఇంకొక్క మాట. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ ప్రయోగశాలలో ఒక చేతికే సాధన చేయించి చూస్తే, ఏ పనీ చేయని రెండో చేతికీ కొంత బలం వచ్చింది. ఒక చేయి కట్టులో ఉండగా రెండో చేతికి వ్యాయామం చేయిస్తే కట్టులోని చేతి బలం తగ్గకుండా నిలుస్తుందని తర్వాతి కాలంలో చూపించారు. ఒక కాలు విరిగిందని ఒళ్లంతా మంచానికి అప్పగించడం ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అసలు సంగతి, కండలోనే మిగిలిపోయేది.

బడిలో కణం బొమ్మ గీయమంటే ఒక గుండ్రం, మధ్యలో ఒక కేంద్రకం గీస్తాం. ఆ బొమ్మ మనసులో ఎంత గట్టిగా నాటుకుంటుందంటే, కండర కణాన్ని చూపించినా పిల్లలు ఒకే కేంద్రకం కోసం వెతుకుతారు. కండర తంతువు అలాంటిది కాదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే ఎన్నో చిన్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక్క పొడవాటి తంతువు అవుతుంది. వాటి కేంద్రకాలన్నీ అందులోనే, అంచు వెంబడి వరసగా ఉంటాయి. ఒక్కో తంతువులో వందలు, వేలు.

ఎందుకిన్ని? ప్రోటీన్ తయారీకి జన్యువుల నకలు పంపేది కేంద్రకం. ఒక కేంద్రకం పంపే నకళ్లు కొంత దూరం వరకే చాలతాయి. ఒక బావి కింద ఇంత నేల పారుతుందని రైతుకు లెక్క ఉన్నట్టే, చెరువుకు ఆయకట్టు ఉన్నట్టే, ఒక్కో కేంద్రకానికీ తాను పోషించగల కొంత మేర ఉంటుంది. కండ పెంచడమంటే సేద్యం పెంచడం. రెండెకరాలు పారే బావి కింద ఆరెకరాల వరి నాటితే పైరు నిలవదు. కొత్త బావులు కావాలి.

ఆ బావులకు సామగ్రి తంతువు పక్కనే ఉంది. 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కప్ప కండరాన్ని చూస్తూ, తంతువును అంటిపెట్టుకుని ఉన్న చిన్న కణాలను గుర్తించాడు. శాటిలైట్ కణాలు అని పేరు పెట్టాడు. మామూలుగా అవి నిద్రలో ఉంటాయి. బరువు పడి తంతువుకు ఒత్తిడి తగిలితే మేలుకుని, విభజన చెంది, కొన్ని వెళ్లి తంతువులో కలిసిపోయి తమ కేంద్రకాన్ని దానికి ఇచ్చేస్తాయి. బావి పోలిక ఇక్కడ కాస్త తప్పుతుంది. మన ఊళ్లో బావి తవ్వినవాడు కూలి తీసుకుని ఇంటికెళ్తాడు, ఇక్కడ తవ్వినవాడే బావి అయిపోతాడు.

మరి కరువొస్తే? కండ కరిగినప్పుడు ఈ అదనపు కేంద్రకాలు ఏమవుతాయి? అవీ చచ్చిపోతాయనే చాలాకాలం నమ్మారు. వాడని కండరాన్ని పలుచగా కోసి చూస్తే చస్తున్న కేంద్రకాలు కనిపించేవి మరి. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ గుండర్సన్ బృందం అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది: ఆ చస్తున్నవి తంతువు లోపలివేనా, పక్కనున్న వేరే కణాలవా? కోసిన ముక్కలో తేల్చడం కష్టం. అందుకని వాళ్లు బతికున్న ఎలుకలో ఒక్కో తంతువులోకి మెరిసే రంగు ఎక్కించి, అదే తంతువును రోజుల తరబడి మళ్లీ మళ్లీ చూస్తూ కేంద్రకాలు లెక్కపెట్టారు. ఎలుక కాలిలో ఒక కండరం పక్కదాన్ని కొంత తొలగించి, భారమంతా ఆ ఒక్కదాని మీదే పడేలా చేశారు. 21 రోజుల్లో కేంద్రకాలు 54 శాతం పెరిగాయి. అవి 6వ రోజు నుంచే పెరగడం మొదలైతే, తంతువు లావెక్కడం 9వ రోజు నుంచి కనిపించింది. బావి ముందు, పైరు తర్వాత.

ఆ తర్వాత నరం కోసేసి కండరాన్ని పడుకోబెట్టారు. తంతువు బాగా కుంచించుకుపోయింది. కేంద్రకాలు మాత్రం ఒక్కటీ పోకుండా అలాగే ఉన్నాయి. చస్తున్నవి దాదాపు అన్నీ చుట్టుపక్కల కణాలవే. ఈ ఫలితం 2010లో వచ్చింది. పైరు ఎండి మడి బీడుపడ్డా, తవ్విన బావి, కట్టిన రాతి అంచు ఎక్కడికీ పోలేదు. వాన పడి విత్తనం చేతికొస్తే ఈసారి తవ్వకం పని లేదు, మోటారు బిగించుకుంటే చాలు.

2013లో ఇదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. ఆడ ఎలుకలకు రెండు వారాలు కండ పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ ఇచ్చి ఆపేశారు. మూడు వారాలకు కండ మామూలు సైజుకు వచ్చేసింది, పెరిగిన కేంద్రకాలు మాత్రం మిగిలాయి. మూడు నెలలు గడిచాక మళ్లీ భారం మోయిస్తే 6 రోజుల్లో ఆ కండరం 31 శాతం పెరిగింది. ఎన్నడూ మందు ఎరగని ఎలుకల్లో అదే 6 రోజులకు చెప్పుకోదగ్గ పెరుగుదలే లేదు. ఎలుకకు మూడు నెలలంటే దాని ఆయుష్షులో పదో వంతుకు పైమాట. క్రీడల్లో మందు వాడి దొరికినవారికి వేసే నిషేధం 2015 నుంచి రెండేళ్లకు బదులు నాలుగేళ్లు అయింది. మనుషుల్లోనూ ఎలుకల్లోలాగే జరిగితే ఆ నాలుగేళ్లూ చాలవు. దొంగతనంగా తవ్వినా బావి బావే కదా. నిజాయితీగా ఆడేవాళ్ల తరఫున ఆలోచిస్తే ఈ సంగతి నన్ను బాధపెడుతుంది.

అయితే బావి ఎన్నటికీ పూడదా? దీని మీద పెద్ద వాదమే నడుస్తోంది. అమెరికాలోని కెంటకీ శాస్త్రవేత్తలు ఎలుకల చేత బరువు కట్టిన చక్రం తిప్పించి, ఆ తర్వాత మాన్పిస్తే, పెరిగిన కేంద్రకాలు తగ్గిపోవడం గమనించారు. కండరం రకం, ఎలుక వయసు, భారం పెట్టిన తీరు, లెక్కపెట్టిన పద్ధతి, అన్నీ తేడా తెస్తాయి. మనుషుల విషయానికొస్తే, నార్వేలో కొందరి చేత ఒక్క చేతికే 10 వారాలు సాధన చేయించి 16 వారాలు ఆపేయించారు. వేగంగా ముడుచుకునే రకం తంతువుల్లో అదనపు కేంద్రకాలు అప్పటికీ ఉన్నాయి. నా మొగ్గు ఓస్లో వైపే.

జ్ఞాపకం బావుల దగ్గరే ఆగలేదు, తూముల దగ్గరా ఉంది. డీఎన్ఏ మీద మిథైల్ గుంపు అనే చిన్న రసాయన ముద్ర పడితే ఆ జన్యువు తూము సాధారణంగా మూసుకుంటుంది, ముద్ర తొలగితే తెరుచుకోవడం సులువు. ఇంగ్లండులో ఆడమ్ షార్ప్‌ల్స్ బృందం కొద్దిమంది యువకులకు 7 వారాలు బరువులెత్తించి, 7 వారాలు మాన్పించి, మళ్లీ 7 వారాలు ఎత్తించింది. ప్రతి దశలో తొడ నుంచి చిటికెడు కండ తీసి 8,50,000 చోట్ల ఈ ముద్రలు చూశారు. మొదటి సాధనలో తొలగిన ముద్రలు కొన్ని, కండ తగ్గిపోయాక కూడా తిరిగి పడలేదు. తూము సగం ఎత్తే ఉంది. కొవ్వు మినహా కాళ్ల బరువు మొదటిసారి 6.5 శాతం పెరిగితే, రెండోసారికి మొదటి స్థితితో పోల్చి 12.4 శాతం దాకా వెళ్లింది. 2018 నాటి మాట ఇది.

సామాన్యుడికి వీటన్నిటికన్నా ఉపయోగపడేది ఫిన్లండ్‌లోని యువాస్కులా ప్రయోగం, 2024లో వచ్చింది. ఒక గుంపు 20 వారాలు ఆపకుండా బరువులెత్తింది. రెండో గుంపు 10 వారాలు ఎత్తి, 10 వారాలు పూర్తిగా మానేసి, మళ్లీ 10 వారాలు ఎత్తింది. చివర కొలిస్తే రెండు గుంపుల బలం, కండ దాదాపు సమానం. మానేసినవాళ్లు తిరిగి మొదలుపెట్టిన మొదటి ఐదు వారాల్లోనే పాత స్థాయిని అందుకున్నారు. మా కుర్రాడికి ఈ ఒక్క ప్రయోగం చెబితే మొహం విప్పారింది.

వాడింట్లో మాత్రం వేరే వైద్యాలు నడుస్తున్నాయి. మా చిత్తూరు వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టు మాట రాకుండా ఉండదు. ఆకు పసరైనా, ఆసుపత్రి పిండికట్టైనా, కదలనివ్వని కట్టు కింద కండ తగ్గి తీరుతుంది. అది కట్టు కట్టినవారి లోపం కాదు. కానీ సన్నబడిన కాలు చూసి వాడి నాయనమ్మ దిష్టి అని నల్లదారం కట్టింది, "ఆ కాలు ఇంక ఇంతే నాయనా, బరువు పెట్టకు" అంది. దారంతో నష్టం లేదు, ఆ మాటతోనే నష్టం. డాక్టరు బరువు పెట్టమన్నాక కూడా భయంతో పెట్టకపోతే బావి ఉండీ మడి బీడే. ఎప్పుడు, ఎంత పెట్టాలో ఎముక చూసిన డాక్టరు, ఫిజియో చెప్పాలి. నేను చెప్పేది కాదు, జిమ్‌లో స్నేహితుడు చెప్పేది అసలే కాదు.

ఇంకొకటి మేక కాళ్ల సూప్. కాలు తింటే కాలు పెరుగుతుందని. ఆ సూప్ నాకూ ఇష్టమే, కానీ అందులో వచ్చే ప్రోటీన్ చాలావరకు కొల్లాజెన్. దానిలో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం బొత్తిగా లేదు, కండ తయారీని ఊపందుకునేలా చేసే ల్యూసిన్ తక్కువ. కండకు గుడ్డు, పాలు, చేప, మాంసం, పప్పు నయం.

పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో దెబ్బతింది. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాడు. 2019 జనవరిలో జకార్తా ఫైనల్లో సైనా మీద ఆధిక్యంలో ఉన్న కరోలినా మారిన్ మోకాలు పట్టుకుని కూలబడటం మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. ఆమె అదే ఏడాది సెప్టెంబరులో చైనా ఓపెన్ గెలిచింది. లిగమెంటు మానడం వేరే కథ, దాని గడువు దానిదే. కానీ ఏళ్ల తరబడి దూకి, వంగి, లేచిన తొడల్లో ఎన్ని బావులుంటాయో ఊహించుకోవచ్చు.

కుర్రాడు లేచి వెళ్తూ ఇంకో ప్రశ్న వేశాడు. "మరి మా నాయనమ్మ సంగతేంటి సార్? ఆమె ఎప్పుడూ బరువులెత్తలేదు కదా." ఎత్తలేదని ఎవరన్నారు, నలభై ఏళ్లు బిందెలు మోసిన మనిషి. అయినా ప్రశ్న మంచిదే. వయసు పెరిగేకొద్దీ శాటిలైట్ కణాలు తగ్గుతాయి, మేలుకోవడమూ మందగిస్తుంది. వయసులో ఉన్నప్పుడే బావులు తవ్వుకోవాలని గుండర్సన్ బృందం అన్నది అందుకే. ఐతే ముసలితనంలో మొదలుపెట్టినా దారి మూసుకుపోలేదు. 1990లో మరియా ఫియాటరోన్ బృందం అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమందికి 8 వారాలు కాళ్లతో బరువులెత్తించింది. పూర్తిచేసిన తొమ్మిదిమందిలో తొడ బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ వైశాల్యం 9 శాతం. సాధన ఆపిన నాలుగు వారాల్లో ఆ బలంలో మూడో వంతు దాకా పోయిందనేదీ నిజమే. కానీ ఆ ఎనిమిది వారాల చివర ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేసి నడిచారు.