పిచ్చుక కోసం పోసిన నూకలు

సంక్రాంతి అయ్యాక మా అమ్మ తెనాలి నుంచి బెంగళూరు వస్తూ, సంచిలో అరిసెలతో పాటు ఒక వరి కంకుల కుచ్చు తెచ్చింది. కోతలయ్యాక ఇలాంటి కుచ్చులు అల్లి వసారా దూలానికి కట్టడం మా వైపు అలవాటు, పిచ్చుకలు తింటాయని. మహదేవపురలో మేముండేది అద్దె ఇల్లు, రెండో అంతస్తు. వసారా లేదు, దూలం లేదు, బాల్కనీ గ్రిల్ ఉంది. అమ్మ దానికే కట్టింది. కింద పళ్ళెంలో గుప్పెడు నూకలు కూడా పోసింది.

మర్నాడు తెల్లారేసరికి నాలుగు పావురాలు వచ్చాయి. వారం తిరిగేసరికి ఇరవై పైనే అయ్యాయి. పిచ్చుక ఒక్కటీ రాలేదు. కింది అంతస్తులో ఉండే ఓనర్ ఆంటీ వాళ్ళది కోలారు వైపు తెలుగు. మెట్ల దగ్గర ఆపి, "ఏమ్మా, మీ అమ్మ చేసే పుణ్యమంతా మా బట్టల మీద పడతా ఉంది" అంది. పళ్ళెం తీసేశాం. "ఈ ఊళ్ళో పిచ్చుకలకి నూకలు చెల్లాయే" అని అమ్మ నిట్టూర్చింది.

మాట బాగుంది కానీ, చెల్లినవి నూకలు మాత్రం కాదు. 2020లో వచ్చిన 'భారత పక్షుల స్థితి' నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్ళుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది మహానగరాల్లో. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, ఆరూ ఆ జాబితాలో ఉన్నాయి. వేలమంది మామూలు జనం తాము చూసిన పిట్టల్ని ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో రాసుకున్న లెక్కల నుంచి తీసిన సంగతి ఇది. సెల్ టవర్ల రేడియేషన్ వల్లే పిచ్చుకలు పోయాయని ఏటా మార్చి 20న, పిచ్చుకల దినోత్సవం రోజున, వాట్సాప్‌లో తిరిగే మాటకి గట్టి ఆధారమేదీ దొరకలేదు.

గింజలు తినే పిట్ట నగరంలో ఎందుకు తగ్గింది? గింజలు తినడంలో పిచ్చుకది మామూలు నేర్పు కాదు. 2018లో కొందరు శాస్త్రవేత్తలు పిచ్చుకల జన్యువుల్ని పోల్చి చూశారు. మధ్య ఆసియాలో మనుషుల జోలికి రాకుండా గడ్డి మైదానాల్లో బతికే ఒక రకం పిచ్చుక ఉంది. మన ఇళ్ళ చుట్టూ తిరిగే పిచ్చుకలో, దానితో పోలిస్తే, పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు దగ్గర మార్పులు కనిపించాయి. ఈ రెండూ విడిపోయింది సుమారు 11,000 ఏళ్ళ కిందట, అంటే మనిషి గింజలు పండించడం మొదలుపెట్టిన రోజుల్లో. మన గాదెల పక్కన ఉండి ఉండి, మన తిండికి కడుపు అలవాటు చేసుకుందన్నమాట.

అయితే ఆ కడుపు పెద్ద పిచ్చుకది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి నూకలు పనికిరావు. ఒళ్ళూ రెక్కలూ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. అందుకే తల్లీ తండ్రీ మొదటి రోజుల్లో గొంగళి పురుగులు, పేనుబంక, సాలీళ్ళు, మిడతలు తెచ్చి నోట్లో పెడతాయి. పిల్లలు గూట్లో ఉండేది రెండు వారాలు. ఆ రెండు వారాలూ చుట్టుపక్కల పురుగు దొరక్కపోతే, బాల్కనీలో బస్తాడు బియ్యం పోసినా పిల్ల బతకదు. మా వీధిలో ఖాళీ స్థలమంటూ మిగల్లేదు. ఇంటి చుట్టూ టైల్స్ పరిచేశారు. ఉన్న నాలుగు మొక్కలకీ నెల నెలా మందు కొడతారు. పురుగు ఎక్కడి నుంచి వస్తుంది?

పురుగులు తెచ్చి పెడితే సరిపోతుందా అంటే, లండన్‌లో అదీ చేసి చూశారు. పిచ్చుక గూళ్ళ దగ్గర పురుగులు పెడితే గూటి నుంచి ఎగిరిన పిల్లల సంఖ్య బాగానే పెరిగింది. పెద్ద పిచ్చుకల సంఖ్య మాత్రం ఆ మేరకు పెరగలేదు. ఎగిరాక బతకడానికి ఇంకేవో కావాలి. గూటికి సందులు కావాలి, దాక్కోవడానికి పొద కావాలి. పెంకుటింటి చూరు కింద, గోడకి వాల్చి కట్టిన దేవుడి పటం వెనక దొరికిన చోటు, నున్నటి గోడల అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ దొరుకుతుంది?

అదే అపార్ట్‌మెంట్ పావురానికి స్వర్గం. దాని పూర్వీకులది కొండ చరియల కాపురం. ఏసీ డబ్బా, కిటికీ చెక్క, డక్టు గోడ, అన్నీ దాని కంటికి కొండ చరియలే. ఇంకో గొప్ప సౌకర్యం కూడా ఉంది దానికి. పిల్ల కోసం పురుగు వెతుక్కోనక్కర్లేదు. గొంతు కింద గింజలు దాచుకునే సంచి లోపలి పొర నుంచి కొవ్వూ మాంసకృత్తులూ నిండిన పెరుగులాంటి పదార్థం ఊరుతుంది. దాన్నే పావురం పాలు అంటారు. తల్లే కాదు, తండ్రి కూడా ఇస్తాడు. ఊరేలా చేసేది ప్రోలాక్టిన్ అనే హార్మోను, ఆడవాళ్ళలో పాలు పడటానికి పనిచేసేదే. పక్షుల్లో ఇలాంటి పాలిచ్చేవి పావురాలూ గువ్వలూ కాక ఫ్లెమింగోలు, ఎంపరర్ పెంగ్విన్లు మాత్రమే.

పెద్దవాటికి గింజలుంటే చాలు, పాలు వాటంతటవే తయారవుతాయి. కాబట్టి పురుగుల కాలమంటూ చూసుకోకుండా ఏడాది పొడవునా గుడ్లు పెట్టగలదు. ఒక జత పిల్లలు గూట్లో ఉండగానే రెండో విడతకి కూర్చుంటుంది. మనం పోసే ప్రతి గుప్పెడూ నేరుగా పావురం పిల్లగా మారుతోంది. పిచ్చుక కోసమని నూకలు పోసి, పావురాన్ని మేపాం మేము. మా వీధిలో కరెంటు స్తంభాల మీద పీజీ ప్రకటనల తరవాత ఎక్కువ కనిపించేవి పిజియన్ నెట్ ఫోన్ నంబర్లే. ఒక బాల్కనీ వాళ్ళు గింజలు పోస్తారు, పక్క బాల్కనీ వాళ్ళు వల కట్టించుకుంటారు.

పావురం రెట్ట, ఈకల ధూళి ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచి, మచ్చలు పడి, శ్వాస అందని జబ్బు వస్తుంది. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలు, అంటే జనం పావురాలకి గింజలు పోసే చోట్లు, మూయించింది ఈ కారణం చెప్పే. గొడవలు బాగానే జరిగాయి. పుణ్యం సంగతి కదా మరి.

కాకి ముద్ద సంగతీ చెప్పాలి. పితృదేవతల మాట నేను తీయను. కాకికి పెట్టిన ముద్దలో కొంత కోయిల పిల్లకీ చేరుతుంది, ఎందుకంటే కోయిల తన గుడ్లు కాకి గూట్లోనే పెడుతుంది. 'భారత పక్షుల స్థితి' 2023 నివేదికలో బాగా పెరుగుతున్నాయని చెప్పిన పక్షుల్లో పావురంతో పాటు కోయిల కూడా ఉంది. కాకపోతే కాకులు మరిగిన చోట చిన్న పిట్టల గుడ్లకీ పిల్లలకీ ముప్పు ఉంటుంది. రోజూ పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

పళ్ళెం తీసేశాక బాల్కనీ నెలరోజులు బోసిగా ఉంది. మందు కొట్టడం మానేశాం, అంతకు మించి ఏమీ చేయలేదు. కుండీల్లో ఒక నిమ్మ మొక్క, ఒక కరివేపాకు మొక్క, ఒక మందారం ఉన్నాయి. వానలు పడ్డాక నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలు కనిపించాయి. తుడవబోతే ఒకటి కదిలింది! నిమ్మ జాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక గొంగళి పురుగు అది. చిన్నప్పుడు నలుపూ తెలుపుతో అచ్చం రెట్టలా ఉంటుంది, పిట్టలు తినకుండా. కాస్త పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. అంత వేషం వేసినా కొన్ని దొరికిపోయాయి. ఆకుల్ని దారంతో కుట్టి గూడు కట్టే టైలర్‌బర్డ్ ఒకటి, తోక నిక్కపొడుచుకుని, పొద్దునే వచ్చి ఆకు ఆకూ తిరగేసి పోయేది. పది గ్రాములు తూగని తేనెపిట్ట మందారం కోసం వచ్చేది. పువ్వు ముందు నుంచి కాదు, మొదట్లో ముక్కుతో పొడిచి తేనె తాగేది. అది కూడా పిల్లలకి సాలీళ్ళూ పురుగులే పెడుతుంది. వీటికోసం చక్కెర నీళ్ళ సీసాలు కొని వేలాడదీసేవాళ్ళున్నారు. అది అమెరికాలో హమ్మింగ్‌బర్డ్‌ల కోసం పుట్టిన అలవాటు. మనకి మందారం చాలు.

పెట్టదగిందేదైనా ఉంటే నీళ్ళు. బెంగళూరులో 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి, ట్యాంకర్ కోసం మేమే కాచుకు కూర్చున్నాం, పిట్టల సంగతి ఇక చెప్పాలా? రెండు అంగుళాల లోతు మించని మట్టి మూకుడు మంచిది, మధ్యలో ఒక రాయి వేస్తే చిన్న పిట్ట నిలబడుతుంది. రోజూ నీళ్ళు పారబోసి పీచుతో తోమాలి. దోమ గుడ్డు నీళ్ళలో దోమ కావడానికి వారం పది రోజులు చాలు. తోమకపోతే పిట్టలకీ ప్రమాదమే. బ్రిటన్‌లో 2005 నుంచి గ్రీన్‌ఫించ్ అనే పిట్టల్లో గొంతు మూసుకుపోయే ఒక జబ్బు పాకింది. పావురాల్లో ఉండే ట్రైకోమోనాస్ పరాన్నజీవి దానికి కారణం. తోటల్లో గింజలు పెట్టే చోట, ఒకదాని ఎంగిలి ఒకటి తిని, నీళ్ళు తాగి అంటించుకున్నాయి. కొన్నేళ్ళలోనే మూడో వంతు తగ్గిపోయాయి. ప్రేమగా పెట్టిన తిండి దగ్గరే!

తినడానికి కూడా పెట్టాలనిపిస్తే ఒక జామకాయ చెక్కో, బొప్పాయి ముక్కో చాలు, పిగిలిపిట్టలు వస్తాయి. మిక్చర్, చిప్స్ లాంటి ఉప్పు తిళ్ళు వద్దు. పాలూ వద్దు, అందులోని లాక్టోజ్ పక్షులకి అరగదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, పదిహేను నిమిషాలైనా కూర్చుని పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఒకటి ఉంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. ఈసారి నేనూ టీ కప్పుతో బాల్కనీలో కూర్చున్నాను. పావురాలు ఆరు, కాకులు మూడు, గోరింకలు రెండు, పిగిలిపిట్టలు రెండు, తేనెపిట్ట ఒకటి, పైన తిరిగే గద్ద ఒకటి. పిచ్చుక దగ్గర సున్నా వేశాను. కనిపించలేదన్నది కూడా లెక్కే.

వరి కుచ్చు చాలా రోజులు హాల్లో మేకుకి వేలాడింది. ఒకరోజు కూరగాయల కోసం కేఆర్ పురం సంత వైపు వెళితే, ఒక పాత కిరాణా కొట్టు ముందు కిచకిచలు వినిపించాయి. పక్కనే ముళ్ళ కంపలు మొలిచిన ఖాళీ స్థలం, బియ్యం బస్తాల కింద రాలిన గింజలు, షట్టర్ చుట్టుకునే పెట్టెలో గూడు. మర్నాడు కుచ్చు తీసుకెళ్ళి ఇచ్చాను. కొట్టాయన తెలుగాయనే, మదనపల్లె నుంచి వచ్చాడట. కుచ్చుని గుమ్మం పక్క కొక్కేనికి తగిలించాడు. రాత్రిళ్ళు షట్టర్ ఒక్క ఊపున లాగడట, మెల్లగా, గట్టిగా పట్టుకుని దించుతాడట, పిల్లలున్నాయని.