ముడులతో నడిచిన రాజ్యం: ఇంకాల కిపులు

1533లో హెర్నాండో పిజారో అనే స్పెయిన్ దళనాయకుడు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత మార్గాల్లో ప్రయాణిస్తూ, దారిలో తగిలిన ఇంకాల ప్రభుత్వ గిడ్డంగుల నుంచి తన మనుషుల కోసం వంటచెరకు, మొక్కజొన్న, లామాలు, మొక్కజొన్నను పులియబెట్టి చేసే చిచా తెప్పించుకున్నాడు. గిడ్డంగి అధికారులు అడిగినవి ఇచ్చారు. ఇస్తూనే, చేతిలోని దారాల కట్టలో ఒకచోట కొన్ని ముడులు విప్పి, మరొకచోట ముడులు వేసుకున్నారు. ఈ సంగతిని ఆ ఏడాదే రాసిన లేఖలో పిజారో ప్రస్తావించాడు. ఆ ప్రయాణం జరిగేనాటికి ఇంకాల చక్రవర్తి అటావాల్పా కహమార్కా అనే ఊరిలో స్పెయిన్ వారి చెరలో ఉన్నాడు. రాజు బందీ అయ్యాడు కదా అని లెక్క రాయడం, అంటే ముడి వేయడం, ఎవరూ మానలేదు.

ఆ దారాల కట్టనే కిపు అంటారు. ఇంకాల భాష అయిన క్వెచువాలో ఆ మాటకు అర్థం ముడి. కిపులు చూసేవారిని కిపుకమాయుక్‌లు అనేవారు. మన పాత గ్రామ కరణాల మాదిరిగానే ఊరి లెక్కలు వీరి చేతిలో ఉండేవి.

ఇంకా రాజ్యం అంతటి రాజ్యానికి ఈ దారాలు ఎలా సరిపోయాయన్నది అర్థం కావాలంటే, ముందు అక్కడ లెక్క కట్టింది దేనినో తెలుసుకోవాలి. 1438 ప్రాంతంలో పచకూతి గద్దెనెక్కినప్పటి నుంచి నూరేళ్లలోపే కుస్కో చుట్టుపక్కల ఉన్న ఒక చిన్న రాజ్యం సుమారు 4,000 కిలోమీటర్ల పొడవున, నేటి ఈక్వడార్ నుంచి చిలీ మధ్యభాగం దాకా విస్తరించింది. దానికి వారు పెట్టుకున్న పేరు తవాంతిన్‌సూయు, అంటే నాలుగు సీమల కలయిక. ఇంత పెద్ద రాజ్యంలో నాణేలు లేవు. ప్రజలు పన్నును డబ్బుగా గాని, తమ సొంత పంటలో వాటాగా గాని కాక శ్రమగా చెల్లించేవారు. మీతా అనే ఈ పద్ధతిలో ప్రతి కుటుంబమూ ఏడాదిలో కొంతకాలం ప్రభుత్వ పొలాల్లోనో, రహదారుల మీదో, సైన్యంలోనో పనిచేయాలి. అందుకు అనుగుణంగా కుటుంబాలను పది, వంద, వెయ్యి, పదివేలు చొప్పున గుంపులుగా విభజించి, ఒక్కో గుంపుకు ఒక్కో పెద్దను నియమించారు. డబ్బును పెట్టెలో పోసి ఎప్పుడైనా లెక్కపెట్టుకోవచ్చు గాని, జరిగిపోయిన పనిని తిరిగి లెక్కపెట్టలేము. ఎవరు ఎన్నాళ్లు పనిచేశారో అప్పటికప్పుడు నమోదు కాకపోతే ఆ రాజ్యానికి ఖజానా లేనట్టే. నా దృష్టిలో కిపు ఆ రాజ్యానికి అలంకారం కాదు, ఆయువుపట్టు.

కిపు నిర్మాణం చూడటానికి సులువుగానే ఉంటుంది. ఒక లావు మూలతాడుకు పత్తి నూలుతోనో, లామా, అల్పాకాల ఉన్నితోనో పేనిన దారాలు వేలాడుతుంటాయి; వాటికి మళ్లీ పిల్ల దారాలు కడతారు. వేలాడే దారంలో కింది చివరన ఒకట్ల స్థానం, దాని పైన పదుల స్థానం, ఆ పైన వందల స్థానం ఉంటాయి. పదులకూ వందలకూ మామూలు ఒంటి ముడులు వేస్తారు. ఒకట్ల స్థానంలో మాత్రం పద్ధతి వేరు: అక్కడ ఎన్ని అంకెలైతే అన్ని చుట్లున్న ఒకే పొడవాటి ముడి వేస్తారు. ఒక్క చుట్టుతో పొడవాటి ముడి రాదు, అది ఒంటి ముడే అవుతుంది కనుక, ‘ఒకటి’ కోసం 8 ఆకారపు ముడిని ప్రత్యేకంగా వాడారు. దీని ప్రకారం 254 అంటే పైన రెండు ఒంటి ముడులు, మధ్యలో ఐదు, కింద నాలుగు చుట్ల ముడి. 301 అంటే పైన మూడు ఒంటి ముడులు, మధ్యలో ఖాళీ, కింద 8 ఆకారపు ముడి. సున్నాకు గుర్తు ఆ ఖాళీయే. ఒకట్ల ముడి వేరుగా ఉండటంలో ఇంకో ఉపయోగం ఉంది: ఒకే దారం మీద రెండు మూడు సంఖ్యలు వేసినా, ఒకటి ఎక్కడ ముగిసిందో చూడగానే తెలిసిపోతుంది. స్థాన విలువను మనం భారతదేశపు కానుకగా చెప్పుకుంటాం, అందులో తప్పు లేదు; కాని మనతో ఏ సంబంధమూ లేని ఈ కొండల్లో అదే ఆలోచన దారం మీద విడిగా రూపుదిద్దుకుంది.

ఈ లెక్కను ఆధునిక కాలంలో తిరిగి విప్పి చెప్పినవాడు లీలాండ్ లాక్ అనే అమెరికన్. వేలాడే దారాల్లోని సంఖ్యల మొత్తం మూలతాడుకు పైవైపున కట్టిన దారం మీద కనిపిస్తుందని గమనించి, 1912లో ఆయన ఈ దశాంశ పద్ధతిని ప్రకటించాడు. 2005లో గ్యారీ అర్టన్, క్యారీ బ్రెజీన్ అనే పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. నేటి పెరూ రాజధాని లీమా సమీపంలోని పురుచుకోలో దొరికిన కిపులను పోల్చి, ఒక కిపులోని కొన్ని దారాల కూడిక పై స్థాయి కిపులో ఒకే సంఖ్యగా కనిపిస్తోందని చూపారు. కింది ఉద్యోగి లెక్క పై అధికారి లెక్కలో కలిసిపోయే తీరు అది.

స్పెయిన్ వారు ఈ లెక్కలను ఎంతగా నమ్మారో చెప్పడానికి హౌహా లోయ ఉదంతం చాలు. అక్కడి వాంకా ప్రజలు ఇంకాల మీద కోపంతో స్పెయిన్ వారి పక్షాన చేరి, ఏళ్ల తరబడి వారికి తిండి, బట్ట, కూలీలను సమకూర్చారు. తరువాత 1561లో వారి పెద్దలు లీమాలోని స్పెయిన్ న్యాయస్థానానికి వెళ్లి, 1533 నుంచి తాము ఏమేమి ఇచ్చామో కిపుల ఆధారంగా చదివి వినిపించారు. తాము ఇచ్చినవి వేరుగా, సైనికులు దోచుకున్నవి వేరుగా చెప్పారు. న్యాయస్థానం ఆ వివరాలను నమోదు చేసుకుంది. తమను దోచుకున్నవారి కచేరీలోనే ఆ దోపిడీ లెక్కను ముడులతో సహా అప్పగించడంలో నాకు ఒక గడుసుతనం కనిపిస్తుంది.

అయితే 1583లో లీమాలో సమావేశమైన క్రైస్తవ చర్చి మూడవ మతసభ, విగ్రహారాధనకు తోడ్పడుతున్నాయన్న అనుమానంతో కిపులను తగలబెట్టాలని నిర్ణయించింది. నేడు ప్రపంచవ్యాప్తంగా మ్యూజియంలలోనూ, ఇతర చోట్లా మిగిలినవి సుమారు వెయ్యి. వాటిలో దాదాపు మూడింట ఒక వంతు ఈ దశాంశ పద్ధతికి లొంగవు. వాటిలో పేర్లు, వంశావళులు, కథలు ఉన్నాయా అన్నదే ఇప్పటి పరిశోధకుల ప్రధాన ప్రశ్న. శాంతా లోయలో దొరికిన ఆరు కిపులను 1670 నాటి స్పెయిన్ జనాభా లెక్కతో పరిశోధకులు పోల్చినప్పుడు, జాబితాలోని 132 మంది పన్నుదారులకు దాదాపు సరిపోయేలా 133 దారాల గుంపులు కనిపించాయి. దారాన్ని మూలతాడుకు ముందువైపు నుంచి కట్టారా, వెనకవైపు నుంచి కట్టారా అన్నదాన్ని బట్టి ఆ వ్యక్తి ఊరిలో ఏ వర్గానికి చెందినవాడో తెలిసేదని ఆ పరిశోధకుల అంచనా.

పెరూలోని కొలాటా అనే కొండ గ్రామంలో తరతరాలుగా ఒక చెక్కపెట్టెలో భద్రపరచిన రెండు కిపులను మానవశాస్త్రవేత్త సబీన్ హైలాండ్‌కు గ్రామపెద్దలు చూపించారు. వాటిలో పద్నాలుగు రంగులున్నాయి. వికూన్యా, అల్పాకా, లామా, గ్వానాకో, జింక, విస్కాచా అనే ఆరు రకాల జంతువుల వెంట్రుకలున్నాయి. రంగు, వెంట్రుక, దారానికి పెట్టిన పురి కలిసి 95 రకాల గుర్తులను ఆమె లెక్కించి, 2017లో ప్రకటించారు. ఇవి తమ పూర్వీకులు యుద్ధం గురించి రాసుకున్న ఉత్తరాలని గ్రామస్థులు ఆమెకు చెప్పారు. ఏ దారం ఏ జంతువుదో కంటితో చూస్తే తెలియదని, వేళ్ల మధ్య నలిపి చూడాలని కూడా చెప్పారు.