పదిన్నర టన్నులు ఎక్కువైతే ఏమవుతుంది?

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వేసవి సెలవులు ఇచ్చిన దగ్గర నుంచి మీరంతా మా వరండాలో బ్యాటిల్‌టెక్ అనే రోబోల యుద్ధపు ఆట పటం పరచుకుని, ఎవరి రోబోను వారు కాగితం మీద కూర్చుకుంటూ ఉంటే చూస్తూనే ఉన్నాను. మొన్న మీలో అందరికంటే చిన్నదైన పిల్ల తన రోబో వివరాలు వ్రాసుకున్న రికార్డు షీటు తెచ్చి నా చేతిలో పెట్టింది. 50 టన్నుల రోబో. నడక వేగం ఒక వంతుకు 6 గడులు. ఆటోక్యానన్ అనే 14 టన్నుల పెద్ద తుపాకీ, దానికి 2 టన్నుల గుండ్లు. నాలుగు మీడియం లేజర్లు. ఒళ్ళంతా పట్టినంత కవచం. నేను పెన్సిలు తీసుకుని కూడితే మొత్తం 60.5 టన్నులు తేలింది. ఆ మాట చెప్పగానే ఆ పిల్ల, “పదిన్నర టన్నులు ఎక్కువైతే ఏమవుతుంది తాతయ్యా? ఇది కాగితమే కదా, తూచేవాళ్ళు ఎవరున్నారు?” అని అడిగింది. అంత మంచి ప్రశ్నకు అప్పటికప్పుడు నోటితో ఏదో చెప్పి ఊరుకోవడం న్యాయం కాదనిపించి, మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

ఈ ఆట 1984లో అమెరికాలోని షికాగో నగరంలో ఫాసా అనే సంస్థ నుంచి వచ్చింది. మొదట దాని పేరు బ్యాటిల్‌డ్రాయిడ్స్; మరుసటి సంవత్సరమే బ్యాటిల్‌టెక్ అయింది. పటం మీద ఒక్కొక్క ఆరు మూలల గడి 30 మీటర్ల నేల, ఒక్కొక్క వంతు 10 సెకన్ల కాలం. రోబోలు 20 టన్నుల నుంచి 100 టన్నుల దాకా, అయిదేసి టన్నుల మెట్లలో ఉంటాయి. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు కనుక ఇక్కడ ఆగను. నాకు బాగా తెలిసినది లారీ బాడీ. అక్కడి నుంచి మొదలుపెడతాను.

మా మేనమామకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. బడి లేని రోజుల్లో నేను అక్కడే ఉండేవాడిని. అప్పట్లో కంపెనీ నుంచి లారీ అంటే లారీలాగా వచ్చేది కాదు. ఉత్త ఛాసీ వచ్చేది. ముందు ఇంజను, కింద రెండు పొడుగాటి ఇనుప దూలాలు, చక్రాలు, అంతే. క్యాబిన్ కూడా ఉండేది కాదు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఓ చెక్క మీద కూర్చుని ఎండలో వానలో దానిని నడుపుకుంటూ వచ్చే డ్రైవర్లను చూస్తే నాకు వాళ్ళంత వీరులు లోకంలో లేరనిపించేది. ఛాసీ షెడ్డులోకి రాగానే యజమాని తన కోరికలన్నీ చెప్పడం మొదలుపెట్టేవాడు: టేకు పలకలు మందంగా వేయాలి, పక్కలు ఎత్తుగా లేపాలి, కింద ఇనుపరేకు పరచాలి, కమాను కట్టలు ఇంకో రెండు వేయాలి. మా మామయ్య అన్నీ ఓపికగా విని, రెండే ప్రశ్నలు అడిగేవాడు. “ఏ సరుకు వేస్తావు? ఏ దారిన పోతావు?”

ఒకసారి గుంటూరు నుంచి మిరపకాయల వ్యాపారి ఒకాయన వచ్చి, ఇసుక లారీకి వేసినట్టుగా మందపు రేకు, బరువైన అడ్డకర్రలు కావాలని పట్టుబట్టాడు. మామయ్య సుద్దముక్కతో షెడ్డు నేల మీదనే లెక్క వేసి చూపించాడు. లారీ మొత్తం ఎంత బరువుండాలో సర్కారు ముందే కట్టడి చేసింది. ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు రెండూ లారీ పక్కన పెయింటుతో వ్రాయించి తీరాలి. ఆ రెండింటికీ మధ్య మిగిలినదే సరుకు. బాడీకి వేసిన ప్రతి కిలో ఇనుమూ మిరప టిక్కీల, అంటే బస్తాల, నుంచి కోసుకున్నదే, పైగా తిరుగు ప్రయాణంలో ఖాళీ బండితో కూడా ఆ ఇనుమును మోయాలి. మిరపకాయ తేలికగా ఉండి చోటు ఎక్కువ తీసుకునే సరుకు కనుక ఎత్తైన, తేలికైన బాడీ కట్టాలి. ఇసుక చోటు తక్కువ తీసుకుని బరువు తూగుతుంది కనుక దానికి పొట్టి, గట్టి బాడీ కట్టాలి. ఆ పెద్దమనిషి సుద్ద అంకెలను చాలాసేపు చూసి, చివరకు మామయ్య చెప్పినట్టే కట్టించుకున్నాడు.

మీ రోబో సరిగ్గా ఆ లారీయే. 50 టన్నులు అనే అంకె ఎదుటివాడిని బెదిరించడానికి పెట్టుకున్నది కాదు. అది నిండు బండి బరువు. అందులో లోపలి చట్రానికి పదోవంతు, అంటే 5 టన్నులు పోతుంది. నడిపేవాడు కూర్చునే గదికి 3 టన్నులు. ఇంజను ఎంతదో తెలియాలంటే రోబో బరువును నడక వేగంతో గుణించాలి: 50 ఆరులు 300. ఆటలోని ఇంజన్ల పట్టిక ప్రకారం ఆ 300 ఇంజను బరువు 19 టన్నులు. పడిపోకుండా నిలబెట్టే గైరోకు ఇంజను అంకెలో ప్రతి వందకూ ఒక టన్ను చొప్పున (చివరి వంద నిండకపోయినా పూర్తి టన్నే) 3 టన్నులు. ఇప్పటికే 30 టన్నులు అయిపోయాయి. మిగిలిన 20 టన్నులలో ఆ పిల్ల 30.5 టన్నుల సరుకు ఎక్కించింది.

ఇప్పుడు వేగం ఒక్కటే మార్చి చూడండి. నడక వేగం 5 అయితే ఇంజను 12.5 టన్నులు, సరుకుకు 26.5 టన్నులు మిగులుతాయి. ఇంకా 4 టన్నులు చాలవు. వేగం 4 అయితే ఇంజను 8.5 టన్నులే, గైరో 2 టన్నులే, 31.5 టన్నులు మిగులుతాయి. అంటే తుపాకీ, గుండ్లు, నాలుగు లేజర్లు, 10.5 టన్నుల కవచం, అన్నీ పట్టి ఇంకా ఒక టన్ను చేతిలో ఉంటుంది! రెండు గడుల వేగం వదులుకుంటే పదకొండున్నర టన్నులు దొరికాయి. ఆ పిల్ల కోరిన సరుకు 50 టన్నులలో అసలు ఇమడదని నేను అనడం లేదు. అది ఏ దారిన పోయే బండి అని మాత్రమే అడుగుతున్నాను. కొండల వెనుక నుంచి చుట్టి వచ్చి కొట్టి పారిపోవలసినదైతే వేగం వదలకూడదు. సందు మొదట్లో నిలబడి దగ్గరకు వచ్చినవాడిని కొట్టవలసినదైతే, వేగం 4 చాలు.

మీలో పెద్దవాడు వెంటనే, “అయితే 60 టన్నుల రోబో చేసేస్తే సరి, అప్పుడు పది టన్నులు కలిసి వస్తాయి కదా” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. తీరా కూర్చుని లెక్క వేస్తే జరిగినది చూడండి. 60 టన్నులను 6తో గుణిస్తే 360. ఆ ఇంజను బరువు 33 టన్నులు! గైరో 4, గది 3, చట్రం 6, మొత్తం 46. సరుకుకు మిగిలినది 14 టన్నులే. పది టన్నులు పెద్దదైన రోబో, అదే వేగంతో నడిచేటప్పుడు, చిన్న రోబో కంటే 6 టన్నులు తక్కువ మోస్తుంది. పెద్ద బండిని పరుగెత్తించడానికి పెద్ద ఇంజను కావాలి, ఆ ఇంజనును మోయడానికి మళ్ళీ ఇంజను కావాలి, చివరకు బండి తన ఇంజనును తానే మోసుకుంటూ తిరుగుతుంది. ఇంజన్ల పట్టికను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి వేలితో చూస్తూ వెళ్ళండి. 100 ఇంజను 3 టన్నులు, 200 ఇంజను 8.5, 300 ఇంజను 19, 400 ఇంజను 52.5 టన్నులు. మొదట్లో నెమ్మదిగా నడిచిన అంకెలు చివరకు వచ్చేసరికి ఎలా పైకి లేస్తాయో! ఆ వంపు అలాగే ఎందుకుందో నేను విడమరచి చెప్పను. దానిని గీతల కాగితం మీద మీ చేతితో మీరే గీసి చూస్తే కలిగే ఆశ్చర్యాన్ని నా మాటలతో పాడుచేయడం నాకు ఇష్టం లేదు.

ఇక వేడి సంగతి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే లారీలు రేడియేటర్ మరిగి దారి పక్కన ఆగిపోవడం, క్లీనర్ కుర్రాడు డబ్బాతో నీళ్ళు తెచ్చి పోయడం నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఎంత బలమైన ఇంజనైనా చల్లబరచుకోలేకపోతే నిలబడవలసిందే. మీ రోబోకు ఇంజనుతో పాటు 10 హీట్ సింకులు ఊరికే వస్తాయి. ఒక్కొక్కటి వంతుకు ఒక పాలు వేడిని దింపుతుంది. వేగం తగ్గించిన ఆ రోబోకు, మిగిలిన టన్నుతో ఇంకొకటి వేసి, 11 అనుకుందాం. ఆటోక్యానన్ పేలిస్తే 7, నాలుగు లేజర్లకు మూడేసి చొప్పున 12, పరుగెత్తినందుకు 2, మొత్తం 21. అందులో 11 పోగా 10 మిగిలింది. అప్పటికే నడకలో రెండు గడులు తగ్గుతాయి, గురి కూడా ఒక మెట్టు చెడుతుంది. మరుసటి వంతులో కూడా అలాగే అన్నీ పేలిస్తే వేడి 20కి చేరుతుంది. అప్పుడు నడక వేగం 4లో 4 పోయి, రోబో రాయిలా నిలబడుతుంది. ఇంజను ఆగిపోకుండా పాచికలు వేసుకోవాలి. గుండ్లు పేలిపోకుండా ఇంకోసారి వేసుకోవాలి. ఆ పెద్ద తుపాకీ గుండ్లు టన్నుకు అయిదు; ఒక్కొక్కటి 20 దెబ్బ; లోపలే పేలితే వంద. 50 టన్నుల రోబో నడిమి మొండెంలో చట్రం బలం 16. శత్రువు వేలెత్తకుండానే ఆట ముగుస్తుంది.

ఇదే లెక్కను ఈ ఆట కట్టినవాళ్ళు ఎలా తీర్చారో చూడాలంటే హంచ్‌బ్యాక్ అనే రోబో షీటు తీయండి. దానిదీ 50 టన్నులే, అదే ఆటోక్యానన్, అవే 2 టన్నుల గుండ్లు. వేగం 4. కవచం 10 టన్నులు. మీడియం లేజర్లు రెండే, తలలో ఒక చిన్న లేజరు. అలా మిగిల్చిన బరువుతో మూడు హీట్ సింకులు ఎక్కువ వేసి 13 చేశారు. అన్నీ పేల్చి పరుగెత్తినా వేడి 16, పోయేది 13. రెండు మూడు వంతుల పాటు నిశ్చింతగా కొట్టవచ్చు. నాకు ఇంకా నచ్చినది దాని తమ్ముడు, 4పీ అనే రకం. అందులో ఆ పెద్ద తుపాకీని, గుండ్లను పూర్తిగా తీసేశారు. 16 టన్నులు ఖాళీ అయ్యాయి. ఆ 16లో ఆరు మీడియం లేజర్లు, పది హీట్ సింకులు వేశారు. ఆరూ పదీ పదహారు. ఒక్క కిలో కూడా మిగలలేదు, ఒక్క కిలో కూడా అప్పు పడలేదు. పైగా పేలిపోవడానికి లోపల గుండ్లే లేవు. పాత బాడీ విప్పి, అదే ఛాసీ మీద వేరే సరుకుకు కొత్త బాడీ కట్టిన మేస్త్రీ పనితనం అందులో కనిపిస్తుంది. మీరు సొంతంగా రోబోను మార్చేటప్పుడు ఇలాగే ముందు ఏది తీయాలో వ్రాసుకుని, ఆ తరువాత ఏది వేయాలో వ్రాయండి. వేయడంతో మొదలుపెట్టినవాళ్ళకు తీసేటప్పుడు మనసొప్పదు.

కవచం గురించి కూడా ఒక మాట. టన్నుకు 16 పాళ్ళు వస్తాయి కదా అని అన్నివైపులా సమంగా పూయకండి. ముందు నుంచి వచ్చే దెబ్బ ఎక్కడ తగులుతుందో రెండు పాచికలు చెబుతాయి: 7 పడితే నడిమి మొండెం, 12 పడితే తల. పాచికలను చాలాసార్లు వేసి, ఏ అంకె ఎన్నిసార్లు పడిందో కాగితం మీద గీతలు పెట్టండి. ఏ చోటికి ఎంత రేకు కావాలో ఆ గీతలే మీకు చెబుతాయి. తల మీదకు మాత్రం 9 పాళ్ళకు మించి కవచం పట్టదు, లోపలి చట్రం 3. పెద్ద ఆటోక్యానన్ దెబ్బ తలకు తగిలితే ఎంత గొప్ప రోబో అయినా పోయినట్టే. 36 విధాలుగా పడగల పాచికలలో అది ఒక్క విధమే, దానికి ఎవరమూ ఏమీ చేయలేము.

తూచేవాళ్ళు ఎవరున్నారని ఆ పిల్ల అడిగింది. ఎదుట కూర్చున్న స్నేహితుడు ఉన్నాడమ్మా. అతడు తన రోబోలో ఒక లేజరు కోసం కవచం కోసుకుని, వేగం కోసం తుపాకీ వదులుకుని, రాత్రంతా చెరిపి చెరిపి వ్రాసి తెచ్చుకున్నాడు. నీ షీటు మీద పదిన్నర టన్నులు ఊరికే ఎక్కించుకుంటే, అతడు వదులుకున్నవన్నీ వృథా అవుతాయి. అందుకని ఇకమీదట ఆట మొదలయ్యే ముందు ఒకరి షీటు ఒకరు కూడి చూసుకునే అలవాటు పెట్టుకోండి. అనుమానంతో కాకుండా, ఎదుటివాడి పనితనం చూసి ఆనందించడానికి చూడండి.

పటం మీద నిలబెట్టే రోబో బొమ్మలకు రంగులు ఎలా వేయాలని కూడా అడిగారు. లారీ వెనుక నెమలిని, తామరపువ్వును వేసే పెయింటరు ఆ రంగుతో లారీ వేగం పెరుగుతుందని వేయడు. అయినా ఎంత శ్రద్ధగా వేస్తాడో చూశారు కదా. మీరూ అంతే శ్రద్ధగా వేయండి.

సెలవులు అయ్యేలోగా మీ నాన్నలను అడిగి, ఎండ ముదరకముందే ఒక ఉదయం ఆటోనగర్ వెళ్ళండి. బాడీ కట్టే షెడ్డు దగ్గర నిలబడి, ఛాసీ దూలాల మీద మొదటి అడ్డకర్ర ఎక్కడ బిగిస్తారో, మిగిలినవి దాని నుంచి ఎంత దూరంలో వస్తాయో చూడండి. తయారైన లారీ దగ్గరకు వెళ్ళి, పక్కన వ్రాసిన రెండు బరువులు పుస్తకంలో దించుకుని, ఒకదాని నుంచి ఇంకొకటి తీసివేయండి. మేస్త్రీ గారికి తీరిక ఉంటే ఇది ఏ సరుకు బండి అని మర్యాదగా అడగండి. ఆయన పనిలో ఉంటే అడ్డు వెళ్ళకుండా, పలకల ఎత్తు చూసి మీరే పోల్చుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య