మెగ్నీషియంలో చిన్న మళ్లు

"ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములే తూగే మెగ్నీషియంలో ఏం కలిపితే గట్టిపడుతుంది?" అని ఒక పాలిటెక్నిక్ విద్యార్థి అడిగాడు. ఏం కలపాలో చివర్లో చెబుతాను. ముందు లోపలి రేణువులు ఎంత సన్నగా ఉన్నాయో చూడాలి.

రేణువు అనగానే పిల్లలు పొడి అనుకుంటారు. పాఠం చెప్పేవాళ్లు ఒక్క నిమిషం ఆగి వివరిస్తే ఆ పొరపాటు ఉండదు. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు చాలాచోట్ల స్ఫటికాలు మొదలై, పెరిగి, ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. ఒక్కో స్ఫటికమే ఒక్కో రేణువు.

పొలం ఊహించుకోండి. ఒక్కో రేణువు ఒక్కో మడి, రేణువుల మధ్య సరిహద్దు గట్టు. ఒక్కో మడిలో చాళ్లు ఒక్కో దిక్కుకు ఉంటాయి. లోహం వంగుతోందంటే పరమాణువుల వరుసల్లోని లోపాలు, అంటే డిస్‌లొకేషన్లు, చాలు వెంట నాగలిలా కదులుతున్నాయన్నమాట. గట్టు రాగానే నాగలి ఆగుతుంది, అవతల చాళ్ల దిక్కు వేరు కాబట్టి. వెనకొచ్చే నాగళ్లు వరసగా నిలిచి ముందుదాన్ని నెడతాయి. పొడవాటి మడిలో ఎక్కువ నాగళ్లు పడతాయి, ఆ తోపుడుకి మొదటిది గట్టు దాటేస్తుంది. చిన్న మడిలో పట్టేవి నాలుగైదే, కాబట్టి మనమే ఇంకా బలంగా తోయాలి. లెక్క కూడా ఇందులోనే ఉంది. నిలిచే నాగళ్ల సంఖ్య ప్రతిబలానికీ (అంటే ప్రతి చదరపు కొలత మీదా మనం తోసే బలానికీ), మడి పొడవుకీ అనులోమం. ఆ సంఖ్యను మళ్లీ ప్రతిబలంతో గుణిస్తే ముందుదాని మీద పడే ఒత్తిడి వస్తుంది. అంటే ప్రతిబల వర్గాన్ని పొడవుతో గుణించగా వచ్చేది ఒక హద్దు చేరాలి. కాబట్టి గట్టు దాటించే ప్రతిబలం రేణువు వ్యాసపు వర్గమూలానికి విలోమం. 1951లో హాల్, 1953లో పెచ్ ఇనుము, ఉక్కుల్లో చూపింది ఈ సంబంధాన్నే.

అల్యూమినియం మడిలో నాగలికి 12 దారులున్నాయి. మెగ్నీషియంది షడ్భుజి స్ఫటికం, మామూలు వేడిమిలో సులువుగా జారే తలం ఒక్కటే. గట్టు అవతల ఆ తలం వాటంగా లేదంటే దారి మూసుకున్నట్టే. అందుకే రేణువును 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి 4కి తగ్గిస్తే అల్యూమినియం బలం సుమారు 28 మెగాపాస్కల్స్ (ప్రతిబలాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది, మెగ్నీషియంది 100 దాటి పెరుగుతుంది!

ట్విన్నింగ్ అని ఇంకో దారి ఉంది: స్ఫటికంలో ఒక పట్టీ అద్దంలో బొమ్మలా ఒక్కసారిగా తిరగబడటం. ఎక్స్‌ట్రూజన్ చేసిన, అంటే అచ్చు రంధ్రంలోంచి నెట్టి తీసిన, మెగ్నీషియం కడ్డీ లాగితే గట్టిగా నిలిచి, నొక్కితే దాదాపు సగం ప్రతిబలానికే లొంగిపోవడం దీనివల్లే. రేణువులు కొద్ది మైక్రాన్లకు దిగితే ట్విన్నింగ్ కష్టమై, ఆ తేడా చాలావరకు పోతుంది. ఈ లోహంలో నాకు అన్నిటికంటే ముచ్చటేసే సంగతి ఇది.

ఇక కలపాల్సింది జిర్కోనియం, 1 శాతం లోపే. దాని స్ఫటికమూ షడ్భుజే, కొలతలు దాదాపు మెగ్నీషియంవే. ద్రవంలో దాని కణాలు ముందుగా గట్టిపడతాయి, వాటిని పట్టుకుని మెగ్నీషియం స్ఫటికాలు లెక్కలేనన్ని మొలుస్తాయి. కానీ ద్రవంలో అల్యూమినియం ఉంటే జిర్కోనియం దానితో జతకట్టి అడుగున చేరిపోతుంది. 9 శాతం అల్యూమినియం ఉండే ఏజెడ్91 అనే మెగ్నీషియం మిశ్రలోహపు పోతలో అందుకే ఈ ఉపాయం పనిచేయదు.